తోకకు కట్టిన నిప్పు

జనవరి 11

ఒరేయ్ బామ్మర్దీ,

మీ అక్క బతికింది. ముందు ఆ ఒక్క మాట చదువుకుని, కూర్చుని, మంచినీళ్ళు తాగి, తరవాత మిగతాది చదువు.

మొన్న పొద్దున్నే జొన్నచేలో చప్పుడైతే చిలకలనుకుని డబ్బా వాయించుకుంటూ వెళ్ళింది. చిలకలు కావు. మీ సర్కారు గడ్డిలోంచి వచ్చిన అడవిపంది. పారిపోవచ్చు కదా, అంత గడ్డి వెనకాల పరుచుకునే ఉంది కదా. పారిపోలేదు. మోకాలి పైనుంచి తుంటి దాకా మీ అక్క తొడ చీల్చేసింది. నేను పార పట్టుకుని పరిగెత్తాను. నడుం మీద వేసిన దెబ్బకి పార విరిగింది, పంది విరగలేదు. విరిగిన కర్రతో కంట్లో పొడిచాను. అప్పుడు వదిలింది.

డాక్టరు కుట్లు వేస్తుంటే మత్తు సరిగ్గా ఎక్కక మీ అక్క నా ముంజేతిని కొరికింది. కొరకనీ. మోకాలు ఇక పూర్తిగా వంగదట. చేతికర్ర తప్పదట.

ఇప్పుడు నువ్వు చెప్పు. నువ్వు అటవీశాఖలో ఆ గడ్డికి కాపలాదారువి. జీతం తీసుకుంటున్నావు, బూట్లు తీసుకుంటున్నావు. ఆ గడ్డిలో బట్టమేకలని ఏవో పిట్టలున్నాయని, నేల మీద గుడ్డు పెడతాయని, మమ్మల్ని గట్టు దాటనివ్వరు. మేం కోత అయ్యాక కొయ్యకాలు కాలిస్తే కేసు. మీరు మాత్రం ఏటా అగ్గిపెట్టె పట్టుకుని ఊరేగుతారు. ఇదెక్కడి న్యాయం? సృష్టి మొదట్లో దేవుడు మనిషికి జంతువుల మీద ఏలుబడి ఇచ్చాడా, జంతువులకి మనిషి మీద ఇచ్చాడా? నేను బడికి పోలేదు. అక్షరాలు నేర్చుకున్నదే పరిశుద్ధ గ్రంథంలో. నాకు తెలిసినంత వరకు మొదటి పేజీలోనే ఉంది.

నేను ప్రసంగం చెప్పే మా ప్రార్థన కూటంలో వాళ్ళు ఒక మాట అనుకున్నారు. మీ గడ్డికి చుట్టూ నిప్పు పెడతాం. బయటికొచ్చిన ప్రతిదాన్నీ గొడ్డలికి అప్పగిస్తాం. పందుల పీడ వదులుతుంది. నువ్వు ఆ రోజుకి మాత్రం కళ్ళు మూసుకో. మీ ఔట్‌పోస్టులో ఫోను పలకదు కాబట్టి పాలవ్యాను డ్రైవరు చేతికి ఇస్తున్నాను. వెంటనే జవాబు రాయి. అంతకన్నా మంచిది, వెంటనే రా.

నీ మేలు కోరే, నీ శాఖ కీడు కోరే,
బావ

(తమ్ముడూ, నేను బాగానే ఉన్నాను. మీ బావ రాసింది సగం నమ్ము. పంది కంట్లో పొడిచింది నిజమే. ఆ తరవాత కళ్ళు తిరిగి నా పక్కనే పడిపోయింది కూడా నిజమే, అది రాయలేదు. అక్క)


జనవరి 19

బావా,

ఉత్తరం చదివి టవర్ మెట్ల మీదే కూర్చుండిపోయాను. మా డప్పు తాత పైనుంచి దిగొచ్చి, ఏమైందని అడక్కుండా నా చేతిలోంచి కాగితం తీసుకుని, చదువు రాదని గుర్తొచ్చి మళ్ళీ నాకే ఇచ్చాడు. డప్పు తాతంటే మంటలు కనిపెట్టే మా టవర్ కాపలా ముసలాయన. గొంతు డప్పులా ఉంటుంది. రహస్యం చెబితే పాలవ్యాను ఆగిపోతుంది. పేకాటలో మోసం చేస్తాడు, పట్టుకుంటే ఏడుస్తాడు. వాళ్ళావిడ మా ఇద్దరికీ వండిపెట్టి ఇద్దరినీ తిడుతుంది.

సెలవడిగాను. మంటల కాలంలో సెలవు లేదన్నాడు ఆఫీసరు. చావు అయితే ఇస్తాడట, గాయానికి ఇవ్వడట. అక్కకి ఈ మాట చెప్పకు.

చుట్టూ నిప్పు పెట్టే మాట మాత్రం నీ నోట మళ్ళీ రాకూడదు బావా. నా మొదటి ఏడాది అలా కాల్చిన బీడులోకి నడిచాను. బూట్ల కింద ఏవో టప్‌టప్‌మని పగులుతున్నాయి. వంగి చూస్తే తాబేళ్ళు. ఇంకాస్త లోపలికెళ్తే బట్టమేక పెట్ట గుడ్డు మీద కూర్చునే ఉంది, రెక్కలు విప్పి, బొగ్గయిపోయి. ముట్టుకుంటే రాలిపోయింది. కింద గుడ్డు ఉడికి ఉంది. పందులు మాత్రం ఒక్కటీ లేదు. అవి ముందే వాగు దాటిపోయాయి. పందికి ఉన్నంత తెలివి కాల్చినవాళ్ళకి లేదు.

మేం ఎందుకు కాలుస్తామో చెప్తాను, ప్రసంగం ఆపి విను. నిప్పులన్నీ ఒకటి కాదు. ఇప్పుడు గడ్డి సగం పచ్చి. పొద్దున మంచు దిగి ఉంటుంది, గాలి ఉండదు. ఇప్పుడంటిస్తే నిప్పు పసిపిల్లలా పాకుతుంది. కుందేలు దాని మీంచి గెంతిపోతుంది. బీడుని ముక్కలుగా చేసుకుని ఒక చెక్క కాలుస్తాం, ఒక చెక్క వదిలేస్తాం. పైనుంచి చూస్తే అమ్మ కుట్టిన అతుకుల బొంతలా ఉంటుంది. నల్ల చెక్కలో వేగిన మిడతల కోసం బట్టమేకలు దిగుతాయి, పక్కనున్న ఎత్తు గడ్డిలో గుడ్డు పెడతాయి. ఇది చెయ్యకపోతే గడ్డి మనిషెత్తు పెరిగి, ఎండలు ముదిరాక ఏ బీడీ ముక్కకో అంటుకుంటుంది. అప్పుడది పాకదు. ఎగురుతుంది. మా గడ్డి, మీ చేలు, మీ ప్రార్థన షెడ్డు, ఏదీ మిగలదు.

మీ గట్టు వెంబడి ఒక పట్టీ కాల్చమని అడిగాను, ఒప్పుకున్నారు. అక్కడ గుబురు పోతే పందికి దాగే చోటుండదు. వచ్చే నెల మొదటి వారంలో, గాలి కుదిరిన రోజున. అప్పటిదాకా మీవాళ్ళని ఆపు. నువ్వంటే ఆగుతారు.

అక్క కాళ్ళు పట్టుకున్నానని చెప్పు. కుట్లున్న కాలు కాదు, రెండోది.

నీ బామ్మర్ది


జనవరి 27

నా భార్య తమ్ముడికి,

చావు అయితే సెలవిస్తారా! అలాగైతే ఆ పంది ఇంకో జానెడు పైకి పొడిచి ఉండాల్సింది, నీ మొహం చూసేవాళ్ళం. మీ అక్కకి చెప్పొద్దన్నావు. ఉత్తరాలు తనే ముందు విప్పుతుందని మర్చిపోయావా? చదివి ఏమీ అనలేదు. ఆ రోజంతా ఏమీ అనలేదు. అందుకే నా నోరు తెరుచుకుంది.

శుక్రవారం చేలో ఒక ఆడపంది, పిల్లలతో దొరికింది. మా వాళ్ళు ఇనప రాడ్లతో చుట్టుముట్టారు. ఎంతసేపు కొట్టారంటే చివరికి కొడుతున్నది పందినో బురదనో తెలీలేదు. మెకానిక్ తెలుసు కదా, ట్రాక్టర్లు బాగుచేసేవాడు, నా చేతుల మీద తాగుడు మానేసినవాడు. వాడు పిల్లల్ని కాళ్ళు పట్టి గట్టుకేసి బాదాడు. ఒంటినిండా నెత్తురుతో నా దగ్గరికొచ్చి, "అయ్యగారూ, అమ్మగారి కాలికి ఇది సరిపోద్దా?" అని అడిగాడు. కళ్ళలో నీళ్ళు. నేను వాడి తల మీద చెయ్యి పెట్టాను.

ఆదివారం కూటం కిక్కిరిసింది. వాకిట్లో కూడా నిలబడ్డారు. గ్రంథంలో ఆ బలశాలి కథ తీశాను. భార్య విషయంలో అన్యాయమైపోయినవాడు నక్కల్ని పట్టి, జతలు జతలుగా తోకలు ముడేసి, మధ్యలో దివిటీలు కట్టి, శత్రువుల పంట మీదికి వదిలాడే, ఆ కథ. ఎలా చెప్పానో వింటే నువ్వు ఉద్యోగం మానేసేవాడివి. "ఇవాళ ఆ శత్రువెవరు? మన పంటల మీదికి మృగాల్ని వదులుతున్నదెవరు? తోకకు నిప్పు కట్టి మనింట్లోకి తోలుతున్నది ఈ శాఖ కాదా? అప్పుడు ఒక్కడు లేచాడు. ఇప్పుడు మీలో బలమున్నవాడు ఒక్కడూ లేడా?" అన్నాను. రేకుల కప్పు అదిరింది. మెకానిక్ గుండెలు బాదుకుని ఏడ్చాడు.

శాఖ మీద అర్జీ రాసి అందరి సంతకాలూ తీసుకుందామని నా ఆలోచన. వాళ్ళ రక్తం వేడెక్కితే గానీ వేళ్ళు కదలవు.

నీ బొంత కథ మీ అక్కకి చదివి వినిపించాను. "వాడు చిన్నప్పుడు ఆ బొంత తడిపేవాడు" అంది. తను మాట్లాడింది అంతే.

నిప్పులాంటి నిజం చెప్పే,
బావ


ఫిబ్రవరి 2

బావా,

ఆ కథ వెనక్కి తీసుకో. ఈ ఆదివారమే తీసుకో. అర్జీ కోసం చెప్పానంటున్నావు, అర్జీ అన్న మాట ప్రసంగంలో ఎక్కడుంది? నువ్వు ఉపమానం చెప్పావు, సరే. మెకానిక్‌కి బోల్టంటే బోల్టే, నట్టంటే నట్టే. నువ్వు నక్క అంటే వాడు నక్కనే పట్టుకొస్తాడు. వాడి ఏడుపు నాకు నచ్చలేదు. తాగినప్పుడు కూడా ఏడ్చేవాడు, ఆ తరవాతే పెళ్ళాన్ని కొట్టేవాడు.

మీ గట్టు పట్టీ ఆరో తారీఖున కాలుద్దామని అనుకున్నాం. గాలి మాట వినకపోతే మానేస్తాం. మా వాగు వైపు ఒక చిన్న చెక్క మాత్రం ఆ పొద్దున్నే అంటించి ఆర్పేస్తాం, అది మీకు చాలా దూరం. పొగ కనిపిస్తే కంగారు పడొద్దని అందరికీ చెప్పు. పిల్లల్ని గట్టెక్కనివ్వకు.

పాలవ్యాను ఇంజను పోయిందట, సైకిలు మీద వెళ్ళే మనిషికి ఇస్తున్నాను. ఎప్పుడందుతుందో. డప్పు తాత టవర్ మీంచి నేనే అరిచి చెప్తానంటున్నాడు. వినబడినా ఆశ్చర్యపోను.

అక్క మాట్లాడటం లేదంటే నాకు భయంగా ఉంది. రెండు వాక్యాలు రాయించు. తిట్టయినా సరే.

బామ్మర్ది


ఫిబ్రవరి 8

ఓరి నిప్పు పెట్టినవాడా,

బూడిదలో కూర్చుని రాస్తున్నాను. అలంకారం కాదు, నిజంగానే. ఆరో తారీఖు పొద్దున మీ వైపు పొగ లేచింది. మధ్యాహ్నానికి మా చేలు అంటుకున్నాయి. ఎండిన జొన్న, కంకులతో నిలబడి ఉన్నది. మంట నడవలేదు, పాకలేదు, నువ్వన్నట్టే ఎగిరింది. నా చేను, మెకానిక్ చేను, కాలవ దాకా అందరి చేలూ. కట్టేసి ఉన్న ఎద్దులు తాళ్ళతోనే కాలిపోయాయి. ఒకదాని అరుపు ఇంకా నా చెవిలో ఉంది.

"టవర్ వాళ్ళు అంటించారు!" అని మెకానిక్ మొదట అరిచాడు. ఆ తరవాత అందరూ అరిచారు. మండుతున్న చేల పక్కనుంచే టవర్ దగ్గరికి పరిగెత్తాం. నువ్వు లేవు. నీ అదృష్టం, లేదా నా అదృష్టం. నీ ముసలాడు పైన ఉన్నాడు. చేతులు ఊపుతూ అరుస్తున్నాడు. దిగమంటే దిగలేదు. ఇద్దరు పైకెక్కి కాళ్ళు పట్టి లాగారు. నిచ్చెన మెట్టుమెట్టుకీ తల తగులుతూ కింద పడ్డాడు. అప్పుడు రాడ్లు లేచాయి.

నేను కొట్టలేదు. నిచ్చెన పక్కనే నిలబడ్డాను. అన్యాయస్థుల మీదికి దిగే ఉగ్రత గురించి వాక్యం చదివాను, మంట చప్పుడుని మించి చదివాను. ముసలాడు పోయాడు. దేవుడి ముందు నా చేతులు శుభ్రం.

మీ అక్క చేతికర్రతోనే గట్టు మీది పిల్లల్ని అదిలించి కాలవలోకి తోసింది, ఇంకాస్త ఆలస్యమైతే వాళ్ళూ పోయేవాళ్ళు. నిన్న నీ ఉత్తరం ఏదో సైకిలు మనిషి తెచ్చిచ్చాడు. విప్పకుండానే పొయ్యిలో పెట్టాను. మీకు నిప్పంటే ఇష్టం కదా.

ఇక నాకు బామ్మర్ది లేడు.


ఫిబ్రవరి 15

బావగారికి,

మీరు కాల్చిన ఉత్తరంలో రాసింది మళ్ళీ రాస్తున్నాను. మీ గట్టు పట్టీ గాలి బాగోకపోతే మానేస్తామని రాశాను. మానేశాం. మా వాగు వైపు చెక్క పొద్దున్నే అంటించాం, ఎండెక్కకముందే ఆర్పేశాం. నేను మోకాళ్ళ మీద కూర్చుని బూడిదలో చెయ్యి పెట్టి చూశాను, చల్లగా ఉంది. ఆ తరవాతే ఆఫీసుకి కబురు చెప్పడానికి బయల్దేరాను. అందుకే నేను లేను. అందుకే ఆయన ఒక్కడే ఉన్నాడు.

ఆయన్ని కడిగింది నేనే. వాళ్ళావిడ ఒక పక్క, నేను ఒక పక్క. తల వెనక భాగం చేతికి మెత్తగా తగిలింది. ఆమె గుడ్డ తడిపి ఇస్తూనే ఉంది, నేను తుడుస్తూనే ఉన్నాను, ఎంత తుడిచినా నీళ్ళు తేటపడలేదు. మీ చేతులు శుభ్రమని రాశారు. నావి కావు.

మర్నాడు కాలిన చేలలో నడిచాను. మంట ఎక్కడ పుట్టిందో నేల చెబుతుంది. కాలిన మొదళ్ళు ఏ వైపు నల్లబడ్డాయో చూసుకుంటూ వెనక్కి వెనక్కి వెళ్ళాను. మా గడ్డికి పోలేదు దారి. మీ గట్టు మీదికి తీసుకెళ్ళింది. అక్కణ్ణుంచి రెండు చారలు విడివిడిగా జొన్నలోకి దిగాయి, వంకరటింకరగా, పిచ్చెక్కినట్టు. చివర్న, మీ చేనుకీ మెకానిక్ చేనుకీ మధ్య మురుగు గట్టులో నక్క బొరియ ఉంది. బొరియ మూతి దగ్గర రెండు నక్కలు కాలి పడి ఉన్నాయి. లోపల పిల్లలు పొగకే పోయాయి. పెద్దవాటి నడుంకి ఇనప తీగ చుట్టి ఉంది. తీగకి గోనెగుడ్డ పీలికలు. డీజిల్ వాసన ఇంకా పోలేదు.

మీ కథలో నక్కలు పరాయి పొలాల్లోకి పరిగెత్తాయి. మా గడ్డి మీదికి తోలిన ఈ నక్కలు ఇంటికి పరిగెత్తాయి. ఒంటికి నిప్పంటుకున్న ఏ ప్రాణైనా ఇంటికే పోతుంది కదా బావగారూ. వాటి ఇల్లు మీ చేలోనే ఉందని బలమున్నవాడికి తెలియలేదు.

నన్ను సస్పెండు చేశారు. నేనే నిప్పు జారవిడిచానని మీ ఊళ్ళో ప్రతి ఒక్కరూ సంతకం పెట్టారు. తీగ చూపిస్తే "నువ్వే కట్టావేమో" అన్నారు. ఇరవై ఆరున విచారణ. అందులో తేలకపోతే నాకు జైలు. నేను పోతే పోయాను, ఇకమీదట గడ్డిలో చెక్కలు కాల్చడం నిషేధమట, రెండేళ్ళకి ఎటూ మాడిపోయే బీడు కాబట్టి దున్నకానికి ఇచ్చేస్తారట. ఒక్క మనిషి నిజం చెబితే ఇవన్నీ ఆగుతాయి. ఆ మనిషి మాట ఊరంతా వింటుంది.

ఇట్లు,
మీ భార్య తమ్ముడు


ఫిబ్రవరి 18

ఉద్యోగం పోతుందని వణుకుతున్నవాడికి,

సిగ్గులేదా? నా మందని ఉరికంబం ఎక్కించి నువ్వు జీతం కాపాడుకుంటావా? వాళ్ళు పంట పోయి, ఎద్దులు పోయి, నోట్లోకి ముద్ద లేక నా వాకిట్లో కూర్చున్నారు. కాపరి గొర్రెల కోసం ప్రాణం పెట్టాలని ఉంది గానీ తోడేలుకి అప్పగించాలని ఎక్కడా లేదు. నక్కలంట, తీగలంట! చచ్చిన నక్కకి ఎవడైనా తీగ చుట్టగలడు. మెకానిక్ నా చేతుల మీద మారిన మనిషి. వాడు అలాంటి పని చేస్తే నన్ను అడక్కుండా

(తమ్ముడూ, అక్కని రాస్తున్నాను. ఆయన ఇక్కడిదాకా రాసి, గట్టిగా చదివి నాకు వినిపించారు. నేను ఒక మాట చెప్పాను. ఆరో తారీఖు పొద్దున మెకానిక్ మనింటికొచ్చి గోనెసంచులు అడిగి పట్టుకెళ్ళాడు. "ఎందుకురా?" అంటే, "అయ్యగారు చెప్పిన పనికే అమ్మా" అన్నాడు. అర్జీ పనేమో అనుకున్నాను. అర్జీకి గోనెసంచులెందుకని నాకు తట్టలేదు. ఇన్నాళ్ళూ తట్టనివ్వలేదేమో. మీ బావ నా మొహంలోకి చూసి, లేచి పెరట్లోకి వెళ్ళారు. వచ్చి ఈ కాగితం చింపెయ్యమన్నారు. నేను చింపను. ఇలాగే పంపుతున్నాను.)


ఫిబ్రవరి 21

బావా,

అక్క రాసింది అందింది. నీ మీద నాకున్న కోపం ఎక్కడికీ పోలేదు, కానీ అది తరవాత.

నిజం చెప్పాలనుకుంటే కూటంలో చెప్పకు. నాకు నువ్వు తెలుసు. నీకు జనం ముందు నిలబడి చెబితే గానీ చెప్పినట్టుండదు. ఈ ఒక్కసారికి అలా చెయ్యకు. అక్కని తీసుకుని తిన్నగా టౌనుకొచ్చి, ఆఫీసరు గదిలో, తలుపు వేసుకుని చెప్పు. ముసలాయన్ని కొట్టినవాళ్ళు నీ ముందే కూర్చుంటారు. ఇప్పుడు వాళ్ళ దగ్గర పోగొట్టుకోవడానికి పంట కూడా లేదు. నువ్వు నేర్పిన కోపమే వాళ్ళ చేతిలో ఉంది.

బస్టాండులో కాచుకుని ఉంటాను. ఏ బస్సో చెప్పక్కర్లేదు, అన్నీ చూస్తాను.

బామ్మర్ది


మార్చి 20

బామ్మర్దీ,

నిన్ను మళ్ళీ ఉద్యోగంలోకి తీసుకుని, వెంటనే అంత దూరానికి బదిలీ చేశారని మీ అక్క చెప్పింది. విచారణ రోజు నేను ఆసుపత్రిలో ఉన్నాను, నిన్ను చూడలేదు. చూసినా ఏం చెప్పేవాణ్ణి కాదు. దవడ రెండు చోట్ల విరిగింది. పైపళ్ళకీ కిందపళ్ళకీ కలిపి తీగలు బిగించారు. గొట్టంతో పాలు తాగుతున్నాను.

నువ్వు వద్దన్నట్టే కూటంలో చెప్పాను. ముసలాయన్ని చంపింది కూటం, కాబట్టి చెప్పాల్సింది కూటంలోనే అనిపించింది. గ్రంథం తెరవలేదు. "మీలో బలమున్నవాడు లేడా అని అడిగింది నేను, నక్కలకి నిప్పు కట్టి జవాబు చెప్పింది వీడు, ఆ జవాబుకి తల పగిలింది ఏ పాపం తెలియని ముసలాయనది" అన్నాను. మెకానిక్ లేచి నెమ్మదిగా నా దగ్గరికొచ్చాడు. ఏడుస్తున్నాడు. "మీరు చెబితేనే కదయ్యా చేశాను" అన్నాడు. ఆ మాట అబద్ధం కాదు. అంటూనే రెంచీతో కొట్టాడు. పడ్డాక ఇంకా చాలామంది కొట్టారు. నేను పేర్లు పెట్టి పిలిచినవాళ్ళు, నీళ్ళలో ముంచి లేపినవాళ్ళు. మీ అక్క చేతికర్రతో ఇద్దరి తలలు పగలగొట్టి నన్ను బయటికి లాగింది. వంగని కాలితో ఎలా లాగిందో నాకిప్పటికీ అర్థం కాదు.

ఆఫీసరు ఆసుపత్రికొచ్చాడు. నోరు లేదు కాబట్టి రాసిచ్చాను. మెకానిక్ పేరు, పైకెక్కి లాగిన ఇద్దరి పేర్లు, నా పేరు. మెకానిక్ లోపలున్నాడు. నన్ను బెయిలు మీద వదిలారు, కేసు నడుస్తుంది. గడ్డిని దున్నకానికి ఇవ్వడం లేదని నీ చోట కొత్తగా వచ్చిన గార్డు చెప్పాడు. అతను చాలా చిన్నవాడు, చెక్కలు కాల్చడం ఇప్పుడే నేర్చుకుంటున్నాడు.

అతన్ని ఎక్కడ చూశానంటే, ఔట్‌పోస్టు దగ్గర. ముసలాయన భార్యని చూడ్డానికి వెళ్ళాను. మీ అక్క వస్తానంటే వద్దన్నాను. ఆమె క్వార్టరు చుట్టూ గడ్డి కోస్తోంది, ఎండలు ముదిరేలోపు ఇంటి చుట్టూ నేల కనపడాలని. నన్ను చూసి నడుం ఎత్తలేదు. "నోరు కట్టించుకుని వచ్చారా? మంచిది. కూర్చోండి" అంది.

కూర్చున్నాను. ఆ వరస కోత అయ్యేదాకా ఆమె ఇటు తిరగలేదు. తరవాత వచ్చి ఎదురుగా నిలబడి ఒకటే అడిగింది. "ఆఖర్లో ఆయన ఏమైనా అన్నాడా?"

తలూపాను. జేబులో కాగితం, పెన్సిలు ఉన్నాయి. రాసిచ్చాను. ఆమె తీసుకుని తిరగేసి, మళ్ళీ తిరగేసి, నా చేతిలో పెట్టేసింది. చదువు రాదు. అటుగా వస్తున్న కొత్త గార్డుని చూపించాను, అతను చదువుతాడని సైగ చేశాను.

"వద్దు. అన్నది ఒకరు, విన్నది ఒకరు. మధ్యలో ఆ పిల్లాడెందుకు? మీ నోటితోనే వింటాను. ఊరూరా తిరిగి చెప్పిన నోరు కదా, నాకు మాత్రం కాగితమా?" అంది. దవడ ఎప్పుడు విప్పుతారని అడిగింది. వచ్చే నెల అని వేళ్ళు చూపించాను. "అయితే అప్పటిదాకా రోజూ రండి" అని కొడవలి నా ముందు పడేసి లోపలికి వెళ్ళిపోయింది.

రోజూ వెళ్తున్నాను. గడ్డి కోస్తున్నాను. ఆమె నాతో మాట్లాడదు. నేనెటూ మాట్లాడలేను.

మెకానిక్ తమ్ముళ్ళు దారిలో రెండుసార్లు కాపు కాశారు. మొదటిసారి రాళ్ళు. రెండోసారి కత్తి, భుజం మీద గీసుకుపోయింది. దవడ విప్పేలోపు నాకేమైనా అయితే ఆమెకి చెప్పే మనిషి ఉండడు. అందుకే నీకు రాస్తున్నాను. నేను బతికుండగా నువ్వు చెప్పకు. పోయాననే కబురొస్తే మాత్రం ఎంత దూరమైనా వచ్చి, ఆమె ఎదురుగా కూర్చుని, నీ నోటితో చెప్పు.

నిచ్చెన కింద పడ్డాక, మొదటి దెబ్బలు అయిపోయాక, ముసలాయన నా కాలు పట్టుకున్నాడు. శాపం పెడుతున్నాడనుకుని విదిలించాను. వదల్లేదు. ఆ గొంతు అప్పటికే పోయింది, గాలే మిగిలింది. "గాలి తిరిగిందయ్యా. గట్టు మీద పిల్లలున్నారు. ముందు వాళ్ళని దింపండి, నన్ను తరవాత కొట్టుకోండి" అన్నాడు.

ఆ మాట నాకు వినిపించింది. ఇంకెవరికీ వినిపించలేదు. నేను వాక్యం గట్టిగా చదువుతున్నాను.

బావ